అరవై ఆరు పుస్తకాల్లో లేని వచనం

మా సంఘంలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది, ఆయన చివరి విందు గుర్తుగా రొట్టె, చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం పంచుకోవడం. స్త్రీల వైపు రొట్టె పళ్ళెం తిప్పే పని పద్నాలుగేళ్ళు నాది. స్టీలు పళ్ళెం, మీద తెల్లగుడ్డ, లోపల చిన్న ముక్కలుగా కోసిన రొట్టె. ముందు వరస దగ్గర మొదలుపెట్టి చివరి కుర్చీల దగ్గర ఆగిపోవాలి. ఆ కుర్చీల వెనక గోడవారగా ఒక చాప పరిచి ఉంటుంది. చాప మీద కూర్చున్నవాళ్ళ దగ్గరికి పళ్ళెం వెళ్ళదు. బాప్తిస్మం తీసుకోనివాళ్ళు, ఏదో తప్పుకు సంఘం ఆపినవాళ్ళు, ఊరికే చూడడానికి వచ్చినవాళ్ళు అక్కడ కూర్చుంటారు. పదకొండేళ్ళు నా చెల్లెలు అక్కడ కూర్చుంది.

ఆమె ఏ తప్పూ చేయలేదు. నేను పరీక్షలని వాయిదా వేసుకుంటుంటే, పద్నాలుగేళ్ళకే నాకంటే ముందు తాండవ ఏటి నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకున్న పిల్ల. పెద్దయ్యాక కృష్ణదేవిపేట దగ్గర ఒక పల్లెలో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పడానికి వెళ్ళింది. అక్కడే ఒక రైతును ఇష్టపడి పెళ్ళి చేసుకుంది. ఆయనకు కొంచెం వరి, కొంచెం జీడితోట. హిందువు. ఇంట్లో ఆయన దీపం ఆయన పెట్టుకుంటాడు, ఆమె ప్రార్థన ఆమె చేసుకుంటుంది. ఆదివారం పొద్దున్నే బండి మీద తీసుకొచ్చి మా ప్రార్థన గుడి ముందు దింపి, ఎదుటి టీ కొట్లో కూర్చుని, ఆరాధన అయ్యాక మళ్ళీ ఎక్కించుకుని వెళ్తాడు. ఒక్క ఆదివారం మానిపించలేదు. మా సంఘంలో విశ్వాసులైన భర్తల్లో సగం మంది గురించి ఈ మాట నేను చెప్పలేను.

అయినా ఆమె చాప మీదే కూర్చోవాలి. ఎందుకంటే ఒక వచనం ఉంది.

బల్లకు ముందు మా సంఘ పెద్ద లేచి నిలబడతారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, గంభీరమైన గొంతు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదకొండో అధ్యాయం తీసి, అయోగ్యంగా తినడం గురించి పౌలు చేసిన హెచ్చరిక చదువుతారు. చదివాక పుస్తకం మూయరు. తల ఎత్తకుండా, అదే గొంతుతో, అదే పాతకాలపు బైబిలు తెలుగులో ఇంకొక వాక్యం చెబుతారు. భర్తతో ఏకవిశ్వాసం లేని స్త్రీ ప్రభువు బల్లకు చెయ్యి చాపకూడదని దాని అర్థం. ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ రాయను. రాస్తే మరెవరైనా కంఠస్థం చేస్తారేమోనని నా భయం. మేమంతా చిన్నప్పుడే కంఠస్థం చేశాం. నేను సండేస్కూలు పిల్లలకు నేర్పించాను కూడా, తడుముకోకుండా అప్పజెప్పినవాళ్ళకు రంగు కార్డులిచ్చి.

అది ఏ గ్రంథంలో, ఏ అధ్యాయంలో, ఎన్నో వచనమని నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేను అడగలేదు. బడిలో నేను లెక్కలు చెబుతాను. స్టెప్పులు రాయకుండా జవాబు ఒక్కటే రాస్తే, ఆ జవాబు ఒప్పయినా సరే, పూర్తి మార్కులు వెయ్యను. ఈ సంగతిలో మాత్రం నలభై ఏళ్ళు స్టెప్పులు అడగకుండా మార్కులు వేస్తూ వచ్చాను.

ఆ జనవరి మొదటి ఆదివారం పాయకరావుపేట నుంచి ఒక ముసలామె చుట్టపుచూపుగా వచ్చి, చివరి వరసలో కూర్చుంది. నేను పళ్ళెం పట్టుకుంటే తాను ఒక ముక్క తీసుకుని, మా పద్ధతి తెలియక, ఇంకా నా చేతిలో ఉన్న పళ్ళేన్ని అంచు పట్టుకుని వెనక్కి తిప్పింది. "తీసుకోమ్మా" అంది చాప మీదున్న నా చెల్లెలితో. చెల్లెలు చెయ్యి ఎత్తింది. కావాలని ఎత్తలేదు. పెద్దావిడ ఇస్తుంటే ఎవరి చెయ్యైనా అలా లేస్తుంది. వేళ్ళు గుడ్డ అంచుకు తగిలాయి.

నేను పళ్ళెం లాగేశాను.

ముసలామె బిత్తరపోయి నా మొహంలోకి చూసింది. చెల్లెలు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, పైట చెంగు సర్దుకున్నట్టు నటించింది. నేను ముందుకు నడిచి పళ్ళేన్ని బల్ల మీద పెట్టాను. ఆ క్షణంలో నాకు కలిగింది సిగ్గు కాదు. పెద్ద ప్రమాదం తప్పించానన్న తృప్తి. ఇది రాయకుండా వదిలేస్తే మిగతాదంతా రాయడం దండగ.

ఆరాధన అయ్యాక వెనక వసారాలో గ్లాసులు కడుగుతుంటే చెల్లెలు వచ్చి పక్కన కూర్చుంది. మా ఇంట్లో అక్కను అప్ప అంటాం.

"అప్పా, ఒకటడుగుతాను, కోప్పడవు కదా?"

"అడుగు."

"ఆ వచనం ఎక్కడుందే?"

"సామెతల్లో."

"సామెతల్లో ఎక్కడ? ఎన్నో అధ్యాయం?"

"ఇప్పుడు చేతిలో సబ్బుంది. ఇంటికెళ్ళి చూసి చెప్తాను."

"సెప్పు. నాను సదూకుంటాను. సదివితే మనసుకి పడతాదేమోనని. ఇనడం తప్ప ఎప్పుడూ సూళ్ళేదు నాను."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. తన శిక్షకు కారణం ఏ పేజీలో ఉందో చూసుకోవాలనుకుంది, అంతే. ఏనాటికైనా ఆ పళ్ళెంలోంచి ఒక ముక్క తీసుకోవాలని ఆమెకెంత ఉందో నాకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో రెండు మూడుసార్లు నా దగ్గర ఏడ్చింది. తర్వాత ఏడవడం మానేసింది. సమాధానపడిందని నేను సంతోషించాను.

ఆ మధ్యాహ్నమే సామెతల గ్రంథం ముప్పై ఒక్క అధ్యాయాలూ చదివాను. లేదు. చివరి అధ్యాయంలో గుణవతి అయిన భార్య ఉంది. ఆమె భర్త విశ్వాసో కాదో అక్కడ ఎవరూ అడగలేదు. దాని తర్వాతి గ్రంథం ప్రసంగి చూశాను. లేదు. పౌలు పత్రికల్లో ఉంటుందనుకున్నాను. ఫోన్లో బైబిలు యాప్ తెరిచి ఆ వాక్యంలో మాటలు ఒక్కొక్కటిగా కొట్టి వెతికాను. రాలేదు. యాప్‌లో ఏదో లోపం ఉందనుకున్నాను. చూడండి, వచనం మీద అనుమానం రాలేదు, ఫోను మీద వచ్చింది.

ఇక మొదటి నుంచి చదవడమే మార్గం. ఆదికాండం మొదటి పేజీ దగ్గర పెన్సిలుతో తేదీ వేసుకుని కూర్చున్నాను. తెల్లవారుజామున వంటకు ముందు ఒక గంట, బడిలో ఖాళీ పీరియడు దొరికితే అరగంట. బైబిలు నాకు కొత్త కాదు. కానీ అంతకుముందు చదివింది తెలిసిన చోట్లు తిరిగి చూసుకోవడం. ఈసారి దారి తప్పినవాడు ఊరు వెతుక్కున్నట్టు చదివాను. "దొరికిందా?" అని చెల్లెలు మార్చిలో ఒకసారి అడిగింది. "చూస్తున్నాను" అన్నాను. మేలో మళ్ళీ అడిగింది. "పెద్ద పుస్తకమే" అన్నాను. తర్వాత అడగలేదు.

అపొస్తలుల కార్యాల్లో బెరయ ఊరివాళ్ళ కథ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పౌలు చెప్పినా సరే, ఆ మాటలు అలా ఉన్నాయో లేదో అని వాళ్ళు రోజూ లేఖనాలు తీసి చూసుకున్నారు. ఆ పాఠం నేను ప్రతి ఏడాదీ పిల్లలకు బొమ్మలు గీసి మరీ చెబుతాను. వాళ్ళలా ఉండాలర్రా అని చెప్పి, తర్వాతి పీరియడులో ఆ లేని వచనం అప్పజెప్పించుకున్నదాన్ని నేనే.

కొరింథీయుల పత్రికకు ఆగస్టులో వచ్చాను. ఏడో అధ్యాయం. విశ్వాసి కాని భర్త తన భార్యను బట్టి పరిశుద్ధుడవుతాడని అక్కడ పౌలు రాశాడు. అతను కాపురం చెయ్యడానికి ఇష్టపడితే ఆమె అతన్ని విడిచిపెట్టకూడదని రాశాడు. నేను అంతకుముందు ఆ అధ్యాయం చదవకపోలేదు. పెళ్ళి ప్రసంగాల్లో విన్నాను, మార్జిన్లో గీతలు కూడా ఉన్నాయి. కానీ దాన్ని నా చెల్లెలి పక్కన పెట్టి ఎప్పుడూ చూడలేదు. పెద్దాయన ప్రతి నెలా చదివే పదకొండో అధ్యాయానికీ దీనికీ మధ్య ఉన్నవి కొన్ని పేజీలు. పదకొండేళ్ళుగా ఆ కొద్ది పేజీలు ఎవరమూ వెనక్కి తిప్పలేదు.

నెలాఖరుకు ప్రకటన గ్రంథం పూర్తయింది. వచనం ఎక్కడా లేదు. మోకరించి ఏడ్చాను. దేవుని వాక్యం నా చెల్లెల్ని ఎన్నడూ ఆపలేదన్న సంతోషంతో కొంత ఏడ్చాను. ఆపింది ఎవరి చెయ్యో గుర్తొచ్చి మిగతాది ఏడ్చాను.

సెప్టెంబరులో పెద్దాయన ఇంటికి వెళ్ళాను. పాస్టరు గారిని కూడా రమ్మన్నాను. నాలుగేళ్ళ కిందట యలమంచిలి వైపు నుంచి వచ్చిన యువకుడాయన, నెమ్మదస్తుడు. నేను చెప్పిందంతా పెద్దాయన కళ్ళు మూసుకుని విని, కళ్ళు తెరిచి నవ్వారు.

"ఏటమ్మా, పెద్దలందరికీ తెలిసింది నీ సెల్‌ఫోనుకి తెలీదని ఒచ్చీసేవా?"

"ఫోను కాదండీ. మొత్తం చదివాను. ఆదికాండం నుంచి ప్రకటన వరకు."

"సదివేవు. బాగుంది. అంత పెద్ద పుస్తకంలో ఒక్క వచనం కంటికి ఆనకపోడానికేటి? పరీక్ష పేపర్లు దిద్దినప్పుడు నువ్వు ఒక్క తప్పూ ఒదల్లేదా?"

"అయితే మీరు చూపించండి. ఎక్కడుందో చూపిస్తే ఇప్పుడే క్షమాపణ అడుగుతాను."

ఆయన బైబిలు దగ్గరికి తీసుకున్నారు. సామెతలు తెరిచారు, నాలుగు పేజీలు తిప్పారు, మూసేశారు. ఆయన మొహం ఎర్రబడింది.

"నాకు వచనం నేర్పిందెవరో తెలుసా నీకు? మీ అమ్మగారు. ఏడేళ్ళోణ్ణి నాను. ఆవిడ గొడుగేసుకుని మా పేటకొచ్చి, మమ్మల్నందర్నీ వరసగా కూకోబెట్టి నేర్పింది. ఆ తల్లి వల్లే ఈరోజు ఇక్కడున్నాను. ఆవిడ కంటే నీకెక్కువ తెలుసా? సెప్పు!"

మా అమ్మ బైబిలు స్త్రీ. మిషను వాళ్ళు నియమించిన మనిషి. బస్సులో వెళ్ళి, బస్సు వెళ్ళని చోటికి నడిచి, పల్లెపల్లెలో స్త్రీలకూ పిల్లలకూ వాక్యం చెప్పేది. ఆమె పోయిన తర్వాతే చెల్లెలి పెళ్ళి జరిగింది. అమ్మ ఉండి ఉంటే చెల్లెల్ని చాప మీద కూర్చోనిచ్చేది కాదని నేను చాలాసార్లు అనుకునేదాన్ని.

ఇంటికి వచ్చి ట్రంకు పెట్టె తెరిచి అమ్మ నోటుపుస్తకాలు బయటికి తీశాను. రెండో పుస్తకంలో ఉంది. అమ్మ గుండ్రటి అక్షరాల్లో, ఆ వాక్యం, ఒక్క మాట తేడా లేకుండా. అదే పేజీలో ఇంకా పది వచనాలున్నాయి. ప్రతి వచనం చివరా గ్రంథం పేరు, అధ్యాయం, వచనం సంఖ్య జాగ్రత్తగా వేసి ఉన్నాయి. దీని చివర మాత్రం ఏమీ లేదు. పైన చిన్న అక్షరాలతో "పెళ్ళీడు ఆడపిల్లలకు" అని రాసుకుంది.

ఎందుకు రాసిందో ఊహించగలను. ఆ రోజుల్లో సంఘంలో ఆడపిల్లలు ఒకరి తర్వాత ఒకరు విశ్వాసులు కాని ఇళ్ళకు కోడళ్ళుగా వెళ్ళి, మళ్ళీ గుడి ముఖం చూడలేదని అమ్మ బాధపడుతూ ఉండేది. వాళ్ళను ఆపడానికి ఒక మాట కావాలనుకుంది. రోజంతా బైబిలు చదివే మనిషి నోట మాట కూడా బైబిలులాగే వచ్చింది. వచనమని ఆమె ఎక్కడా రాయలేదు. వచనం కాదని పిల్లలకు చెప్పనూ లేదు. ఆమె ఉద్దేశం మంచిదే. చీకట్లో ఎవరూ పడిపోకుండా గుమ్మానికి అడ్డం పెట్టిన కర్ర అది. తెల్లారాక దాన్ని తీసే పని మాది. మేము దానికి మేకులు కొట్టాం.

నోటుపుస్తకం తీసుకెళ్ళి పెద్దాయనకు చూపించాను. పేజీ మీద అమ్మ చేతిరాత చూసి, కళ్ళకద్దుకుని, తిరిగి ఇచ్చేశారు. "ఇలాటి వాళ్ళు ఇక పుట్టరు" అన్నారు. ఆ పేజీలో ఆయనకు కనిపించింది అంతే.

ఆ రోజూ అక్కడే ఉన్న పాస్టరు గారు గేటు దాకా నాతో వచ్చారు.

"అక్కగారూ, మీరు చెప్పింది నిజమేనండి. వచ్చిన కొత్తలోనే నాకు అనుమానం వచ్చింది."

"మరి నాలుగేళ్ళు ఎందుకు ఊరుకున్నారండీ?"

ఆయన రోడ్డు మీద పోతున్న ఆటోల వంక చూశారు. "నాకు ముందున్న పాస్టరు గారు పెద్దాయనతో ఒక్కసారే వాదించారటండి" అన్నారు.

అక్టోబరు మొదటి ఆదివారం పెద్దాయన ఎప్పటిలాగే పదకొండో అధ్యాయం చదివారు. ఈసారి చదివాక బైబిలు మూసి, మూసిన పుస్తకం మీద చెయ్యి పెట్టి, ఆ వాక్యం చెప్పారు. ఎనిమిది నెలలు నేను చదివినదానికి మా సంఘంలో వచ్చిన మార్పు అది. నేను తప్ప దాన్ని గమనించినవాళ్ళు లేరు. ఆ తర్వాత ఆయన నన్ను పక్కకు పిలిచి ఒక దారి చెప్పారు. నా మరిది, అంటే చెల్లెలి భర్త, ఒక్క ఆదివారం వచ్చి, లోపల కూర్చుని, ప్రార్థన చేయించుకుంటే చాలునట. ఆయన మారినట్టు సంఘానికి ఒక మాట చెప్పేస్తే చెల్లెలు కుర్చీలోకి రావచ్చునట. వచనం సంగతి మాత్రం నేను ఎక్కడా ఎత్తకూడదు.

షేర్ ఆటో ఎక్కి చెల్లెలింటికి వెళ్ళాను. వాకిట్లో ఆమె కుట్టుమిషను ముందు కూర్చుని జాకెట్టు కుడుతోంది. మరిది కొడవలికి పదును పెడుతున్నాడు. ఆ దారి సంగతి ముందు చెప్పాను.

మరిది వెంటనే తయారైపోయాడు. "ఓస్, అంతేనేటి ఒదినగారూ! కూకుంటే సరిపోతాదంటే కూకుంటాను. తల మీద సెయ్యెడితే పెట్టించుకుంటాను. టీ కొట్టోడు నాకోసం బెంచీ అరిగిపోనాదని గోలెడతన్నాడు. ఆడికీ ఇడుపు."

"నువ్వుండు" అంది చెల్లెలు. మిషను ఆపలేదు. "అప్పా, వచనం దొరికిందా?"

చెప్పాను. లేదని చెప్పాను. ఏడో అధ్యాయం చెప్పాను. అమ్మ నోటుపుస్తకం కూడా చెప్పాను. మధ్యలో మిషను ఆగింది. అమ్మ మీద ఏమైనా అంటుందనుకున్నాను. అనలేదు.

"నాను పది దాటి సదవలేదు. నువ్వు బియ్యే, బీయెడ్డు. బైబిలు పిల్లలకి సెప్తావు. పదకొండేళ్ళలో ఒక్క పాలి తీసి సూడాలనిపించలేదా అప్పా? నాను అడిగే దాకా?"

"అనిపించలేదు" అన్నాను.

"ఈయన్ని అబద్దానికి తెచ్చి కూకోబెట్టొద్దు. ఈయన ఎలగున్నాడో అలగే నాకు దేవుడిచ్చాడు. అది నువ్విప్పుడు సదివేవు. నాకు ఎప్పుడో తెలుసు."

నవంబరు మొదటి ఆదివారానికి నేను నిర్ణయించుకున్నాను. ఎవరి అనుమతీ అడగలేదు. ముందు వరస నుంచి పళ్ళెం తిప్పుకుంటూ వచ్చి, చివరి కుర్చీల దగ్గర ఆగకుండా చాప మీదికి వెళ్ళి, చెల్లెలి ముందు వంగి పళ్ళెం పట్టాను. స్త్రీల వైపు పాట సన్నగిల్లింది. పెద్దాయన నిలబడ్డారని వెనక్కి చూడకుండానే తెలిసింది. గుడ్డ తొలగించి ఉంది. చెయ్యి చాపితే చాలు.

ఆమె పళ్ళెంలోకి చూసింది. నా మొహంలోకి చూసింది. కోపం ఉంటే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను.

"ఒద్దు అప్పా" అంది నెమ్మదిగా. "ఆకలి సచ్చిపోనాదే."

"తీసుకో" అన్నాను. "నీదే. ఎప్పుడూ నీదే. ఎవరూ ఆపడానికి లేదు."

"తెలుసు. నువ్వు పెట్టడానికొచ్చేవు, సంతోషం. నాను ఏళ్ళకేళ్ళు ఇక్కడ కూకుని, ఇయ్యరని తెలిసీ పెతీసారీ లోపల సెయ్యి సాపీదాన్ని. జనవరిలో నువ్వు లాగీసినావు సూడు, ఆ రోజు ఆ సెయ్యి ఎనక్కెళ్ళిపోనాది. మళ్ళీ రమ్మంటే రావట్లేదు. నానేటి సెయ్యను?"

నేను వంగే ఉన్నాను. ఆమె చెయ్యెత్తి పళ్ళెం అంచు పట్టుకుని, మెల్లగా నా వైపే తోసింది. ఆలోగా పాస్టరు గారు వచ్చి పళ్ళెం అందుకుని ముందుకు తీసుకుపోయారు. పాట మళ్ళీ పుంజుకుంది.

బయట మరిది బండి స్టార్టు చేసి ఉంచాడు. వచనం లేదని ఆ రోజు విన్న మనిషి కనుక ఆత్రంగా అడిగాడు, "ఒదినగారూ, పెట్టారేటి?"

"పెట్టింది. నానే తిన్లేదు" అని చెల్లెలు బండి ఎక్కింది.

ఆయన ఆమె వంకా నా వంకా చూశాడు. ఏమీ అర్థం కాలేదు. "బేగి పద, ఎండెక్కిపోతంది" అందామె.

మరుసటి వారం పళ్ళెం పని ఇంకొకామెకు ఇచ్చారు. సండేస్కూలు నుంచి కూడా నన్ను తప్పించారు. నాకు దాని మీద ఫిర్యాదు లేదు. చెల్లెలు ఇంటి దగ్గరే ప్రార్థన చేసుకుంటోంది. ఫోను చేస్తే బాగానే మాట్లాడుతుంది, జీడిపూత గురించి, పిల్లల జ్వరాల గురించి. సంఘం మాట తీసుకొస్తే కుట్టుమిషను చప్పుడు వినిపిస్తుంది.

నా విశ్వాసం ఏమీ చెడలేదు. ఈ ఏడాది చదివినంత నమ్మకంతో బైబిలు ఎన్నడూ చదవలేదు. రోజూ తెల్లవారుజామున తెరుస్తాను, ప్రతి మాటా ఎక్కడుందో చూసుకుంటాను. అందులో ప్రభువు ఎవరి ముందు నుంచీ రొట్టె లాగెయ్యలేదు. తనను ఆ రాత్రే శత్రువులకు అప్పగించబోయేవాడికి కూడా రొట్టె ముక్క ముంచి ఇచ్చాడు. ఆ పేజీ దగ్గరికి వచ్చిన ప్రతిసారీ పుస్తకం మూసేసి వంటింట్లోకి వెళ్ళిపోతాను. ఆ పేజీ చదివి తట్టుకోవడం నాకింకా చేతకాలేదు.